బొబ్బలెక్కిన చేతుల స్తోత్రం

1877 ఎండాకాలం. ధాత వెళ్ళి ఈశ్వర నామ సంవత్సరం వచ్చింది గానీ వాన మాత్రం రాలేదు. ఒంగోలు సీమలో రాజుపాలెం దగ్గర, ఉప్పుగాలి కొట్టే నేల మీద తాటాకు పాకలు బారులు తీరి ఉన్నాయి. అందులో ఒకటి మీది. పడమటి పల్లెల నుంచి పడుతూ లేస్తూ నడిచి రాత్రే ఇక్కడికి చేరారు. దారి పొడుగునా చెరువులు నెర్రెలిచ్చి కనిపించాయి. చింతచెట్లకు చిగురు లేదు, జనం దూసుకుని ఉడకేసుకున్నారు. తుంగగడ్డల కోసం ఆడవాళ్ళు ఎండిన కుంటల్లో మట్టి గెలికారు. నాగజెముడు పళ్ళు తిన్న పిల్లల మూతులు ఎర్రగా మరకలు కట్టి ఉన్నాయి.

పొద్దు పొడవకముందే మెలకువ వస్తుంది. కోడి కూయదు. పల్లెల్లో కోళ్ళు ఎప్పుడో అయిపోయాయి. పక్క పాకలో పసిబిడ్డ ఏడుస్తోంది. ఏడవగలుగుతోంది కాబట్టి ఇంకా బతుకుతుందని తల్లి ధైర్యం. బయటికొస్తే చీకట్లోనే జనం కదులుతున్నారు. ఎవరి భుజాన పార, ఎవరి చేతిలో గడ్డపార, ఆడవాళ్ళ నెత్తిన ఖాళీ గంపలు. పాత చీర పేలికను మెలిపెట్టి చుట్టకుదురు చేసుకుంటూ ఒకామె మీ పక్క నుంచి వెళుతుంది. "కొత్తగా వచ్చారా అయ్యా? పేరు రాయించుకున్నారా? రాయించుకోండి, లేకపోతే సాయంత్రం కూలి దొరకదు" అంటుంది. ఆమె గొంతులో ఓపిక లేదు గానీ దయ ఉంది.

మీరు తవ్వబోతున్నది బకింగ్‌హామ్ కాలువ. మద్రాసు వైపు నుంచి తీరం వెంబడి ఉన్న పాత కాలువను ఉత్తరాన కృష్ణా డెల్టా కాలువలతో కలపడానికి సర్కారు కరువు పని పెట్టింది. పెదగంజాం దాకా సాగే ఆ పనిలో సుమారు మూడున్నర మైళ్ళు ఇక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గుత్తకు తీసుకున్నాడు. పాదిరికి కాలువ తవ్వకం ఏం తెలుసని మీకు అనుమానం రావచ్చు. ఈ దొర కుర్రతనంలో అమెరికాలోని మిన్నెసోటా అడవుల్లో సర్వే జట్లతో తిరిగినవాడు. గొలుసు పట్టడం, మట్టం చూడడం, కొలత వేయడం ఆయనకు బైబిలు కన్నా ముందు వచ్చిన విద్యలు.

సూర్యుడు సముద్రం మీదికి వస్తాడు. పని మొదలవుతుంది.

మొదటి గంట ఫరవాలేదు. రెండో గంటకు పార పిడి అరచేతికి అంటుకున్నట్టవుతుంది. పైన ఇసుక సులువుగానే వస్తుంది, దాని కింద చవిటి నేల గట్టిగా ఉంటుంది. గడ్డపార వేస్తే అంగుళం దిగుతుంది. పెళ్ళలు పగలగొట్టి గంపకెత్తితే ఆడవాళ్ళు గట్టు మీద పోసి మళ్ళీ వస్తారు. ఆ గంప బరువు మామూలుదే, మోసే మెడలోనే సత్తువ లేదు. పదకొండయ్యేసరికి మీ కుడి అరచేతిలో, చూపుడు వేలి మొదట్లో నీటి బొబ్బ లేస్తుంది. మధ్యాహ్నానికి చితుకుతుంది. దాని మీద చెమట పడితే చురుక్కుమంటుంది. పక్కన తవ్వే పెద్దాయన అది చూసి తన గోచీ అంచు నుంచి పేలిక చింపి ఇస్తాడు. "కట్టుకో నాయనా. వారం పోతే కాయ కాస్తుంది. కాయ కాసిన చేతికి ఇక నొప్పి ఉండదు" అంటాడు. ఆయన చెయ్యి చూస్తారు. తోలు పని చేసి చేసి అప్పటికే కాయలు కాసిన చెయ్యి అది. దాని మీదే మళ్ళీ కొత్త బొబ్బలు.

ఎండ నడినెత్తికి వచ్చాక మేస్త్రీ చెయ్యి ఊపుతాడు. ఈ మేస్త్రీలు తిట్టరు, కొరడా పట్టరు. వాళ్ళు మిషను బోధకులు. కూలీల్లాగే వారిలోనూ ఎక్కువమంది తోలు పని చేసే మాదిగలే. ఒక్కో బోధకుడి కింద దాదాపు వందమంది కూలీలు. వేరే చోట్ల కరువు పనుల్లో మాదిగలను దూరంగా నెట్టి కసిరేవాళ్ళు ఉన్నారు. ఇక్కడ లెక్క రాసేవాడూ మీవాడే, పేరు పిలిచేవాడూ మీవాడే. మీలో చాలామంది పూర్తి పేరును ఒకరు గట్టిగా చదవగా వినడం ఇదే మొదటిసారి. ఊళ్ళో ఆ పేర్లు "ఒరేయ్" దగ్గరే ఆగిపోయేవి.

ముంతలో గంజి వస్తుంది. అందులో మెతుకులు వెతికితే దొరుకుతాయి. మూతి దగ్గర పెట్టుకోబోతుంటే బోధకుడు తలపాగా తీసి కళ్ళు మూసుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో సగంమంది ఆయనతో పాటు కళ్ళు మూస్తారు, మిగతా సగం గంజి వైపు చూస్తుంటారు. ప్రార్థన పొట్టిగా ఉంటుంది. ఆకలితో ఉన్నవాళ్ళ ముందు పొడుగు ప్రార్థన చేయకూడదని ఆయనకు తెలుసు. ఈ గంజికి స్తోత్రం, ఈ పనికి స్తోత్రం, నిన్న రాత్రి మమ్మల్ని బతికించినందుకు స్తోత్రం. అంతే. మీకు లోపల ఎక్కడో చిర్రెత్తుతుంది. ఇంట్లో ఇద్దరు పోయారు, పశువులు పోయాయి, ఊరు పోయింది. ఈ నీళ్ళ గంజికి స్తోత్రమా?

గంజి తాగాక జనం కాలువ గట్టు నీడలో కూలబడతారు. అప్పుడు ఎవరో ఒకరు "అయ్యా, ఆ మాట మళ్ళీ చెప్పు" అని అడుగుతారు. ఏ మాటో బోధకుడికి తెలుసు. మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలో, బరువు మోసి అలిసిపోయినవాళ్ళను యేసు తన దగ్గరికి పిలిచే వచనం. ఈ గట్టు మీద రోజూ అడిగి చెప్పించుకునే వచనం అదే. చదువుకున్నవాడికి అందులోని భారం పాపభారం. నెత్తి మీది చుట్టకుదురు ఇంకా తీయని మనిషికి ఆ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. ఆ పిలుపులో పని మానేయమని లేదు, కష్టం తీరుతుందన్న గడువూ లేదు. రమ్మని మాత్రం ఉంది. ఇంతవరకు ఏ గుడి మెట్టూ వాళ్ళను రమ్మనలేదు. గ్రామదేవత జాతరలో కూడా డప్పు కొట్టి దూరంగా నిలబడాల్సినవాళ్ళు.

ఈ కరువు ఎలా వచ్చిందో కూడా గట్టు మీద మాట్లాడుకుంటారు. 1876లో వానలు మోసం చేశాయి, అది దేవుడి పని. కానీ ధాన్యం ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉంది, అది మనిషి పని. 1877 జనవరి ఒకటిన ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దర్బారు పెట్టి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా చాటాడు. అదే నెలలో కరువు పని చూడడానికి వచ్చిన రిచర్డ్ టెంపుల్ మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలన్నాడు. అంత తక్కువతో ఒళ్ళొంచి పనిచేసే మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ మొత్తుకున్నాడు. ఆ రెండేళ్ళలో దక్షిణాదిన పోయినవాళ్ళు యాభై లక్షలకు తక్కువ ఉండరని చరిత్రకారుల అంచనా.

మీ పక్కన కూర్చున్నవాళ్ళలో ఈ దేవుణ్ణి ముందే నమ్మినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ కథ ఇంకా ముందుది. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వర్తకుడు బాప్తిస్మం పొందాడు. అంతకుముందు యోగమార్గంలో గురువుల వెంట తిరిగినవాడు. ఆ తర్వాత ఆయన నోటి మాటగా మాదిగపల్లెల్లో సువార్త పాకింది. నమ్మినవాళ్ళకు మూడు కట్టుబాట్లు పెట్టారు. ఆదివారం పని చేయకూడదు, విగ్రహాన్ని మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. మొదటిదానికి కామందులు కోపించారు. రెండోదానికి జాతరలో డప్పు కొట్టలేదని ఊరు ఊరంతా పగబట్టింది. మూడోది మాత్రం కరువులోనే నిప్పులాంటి పరీక్ష అయింది. మేత లేక పశువులు వందల్లో పడిపోతుంటే ఆ మాంసం ముట్టకుండా ఉండడానికి ఎంత గుండె కావాలో గంజి ముంత ముందు కూర్చున్న మీకు ఇప్పుడు తెలుస్తుంది.

సాయంత్రం కూలి అందుతుంది. పొయ్యిలు రాజుకుంటాయి. తాటాకు పొగ, ఉప్పుగాలి, ఉడికే గింజల వాసన. అన్నీ బాగున్నాయనుకునేలోపు బారు చివరి పాకలో వాంతులు మొదలయ్యాయన్న మాట వినిపిస్తుంది. కలరా. ఆ మాట చెప్పేవాళ్ళు గొంతు తగ్గిస్తారు. తెల్లారేలోపు ఒక తల్లి పోతుంది. గుంత తవ్వడానికి మనుషులు కొరత కాదు, ఇక్కడ అందరూ చేసేది తవ్వకమే. గుంత దగ్గర నిన్న గంజికి స్తోత్రం చెప్పిన బోధకుడే నిలబడతాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. దేవుడు మంచివాడని చెప్పి సరిపెట్టడు. చనిపోయినామె పేరు చెప్పి, పుట్టిన పల్లె చెప్పి, మిగిలిన పిల్లను ఎవరింట్లో ఉంచాలో అడుగుతాడు. పేలిక చింపి ఇచ్చిన పెద్దాయన చెయ్యెత్తుతాడు. ఆయన పాకలో అప్పటికే ఆరుగురున్నారు.

ఆ రాత్రి ఆ పాక ముందే పాట లేస్తుంది. పురుషోత్తమ చౌదరి లాంటి వాగ్గేయకారుల కీర్తనలు తెలుగు క్రైస్తవుల నోళ్ళలో అప్పటికే నానుతున్నాయి. డప్పు మళ్ళీ చేతికి వచ్చింది, దరువు మాత్రం కొత్త దేవుడికి. మొదట ఒక్క గొంతు, తర్వాత నాలుగు, తర్వాత బారు బారంతా. ఇప్పుడే తల్లిని పోగొట్టుకున్న పిల్ల పెద్దాయన భార్య ఒళ్ళో తలపెట్టి వింటోంది. ఇది ఏడుపు పాట కాదు, సంతోషం పాట. వినడానికి మీకు మొదట ఇబ్బందిగా ఉంటుంది. ఇంత చావు మధ్య ఈ గొంతుల్లో ఉత్సాహం ఎక్కడి నుంచి వచ్చిందని చూస్తే, వాళ్ళు చావును మరచిపోయి పాడడం లేదు. ఒంటరిగా చావనక్కర్లేదని తెలిసి పాడుతున్నారు.

పాట అయ్యాక పెద్దాయన బోధకుణ్ణి అడుగుతాడు, "నాకు బాప్తిస్మం ఎప్పుడిస్తారు?" బోధకుడు తల వంచుకుంటాడు. క్లౌ దొర ఆజ్ఞ అది. కరువు సాయం చేతులు మారుతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకూడదు. గంజి కోసం వచ్చినవాడెవడో, యేసు కోసం వచ్చినవాడెవడో విడదీయడానికి ఆయనకు వేరే దారి తోచలేదు. అన్నం పెట్టి మతం కొన్నారన్న నింద అప్పటికే గాల్లో ఉంది. అందుకే అన్నం తలుపు తెరిచి గుడి తలుపు మూశాడు. పదిహేను నెలలు ఆ తలుపు అలాగే ఉంది. అడిగినవాళ్ళను ఆగమన్నారు. కొందరు ఆగుతూ ఆగుతూనే చనిపోయారు.

ఇప్పుడు ఏడాది దాటి ముందుకు రండి. 1878 జూన్ నెలాఖరు. బహుధాన్య నామ సంవత్సరం. కాలువ పని అయిపోయింది. క్లౌ దొర గుత్త పని ముగిసింది, కూలీ చిట్టాలు మూసేశారు. ఒంగోలుకు ఉత్తరంగా సుమారు పది మైళ్ళలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి. క్లౌ దొర తన బోధకులను అక్కడికి రమ్మని కబురంపాడు. వచ్చింది బోధకులు మాత్రమే కాదు. పల్లెలకు పల్లెలే కదిలి వచ్చాయి. చింతతోపుల కింద వేల మంది. గంటె పట్టుకున్నవాళ్ళు ఒక్కరూ కనిపించరు. పంచడానికి గింజ లేదని ముందే చెప్పారు. అయినా ఎవరూ లేవలేదు.

మీరు జనంలోంచి దూరి ముందుకు వెళతారు. దొర లేచి చెబుతున్నాడు: సాయం అయిపోయింది, ఇక మీకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇళ్ళకు వెళ్ళండి. అప్పుడు ముందు వరుసలో ఉన్నవాళ్ళు చేతులు చాపుతారు, అడుక్కోవడానికి కాదు, చూపించడానికి. అరచేతులు పైకి తిప్పి ఎండలో పట్టుకుంటారు. బొబ్బలు చితికి, ఆరి, మళ్ళీ లేచిన మచ్చలు. మాకు డబ్బు వద్దు, మేం పనిచేసి బతుకుతాం, చేసినట్టు ఈ చేతులే సాక్ష్యం అంటారు. వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, కానీ ఆయనవాళ్ళుగా చనిపోవాలని ఉంది అంటారు. ఆ మాటలు క్లౌ తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ చేతుల ముందు ఆయన దగ్గర ఇక అడ్డు చెప్పే మాట లేకపోయింది.

అయినా తొందరపడలేదు. బోధకులు ఒక్కో పల్లెవాళ్ళను విడివిడిగా కూర్చోబెట్టి అడిగారు. ఎప్పటి నుంచి నమ్ముతున్నావు, నీ ఊళ్ళో నిన్నెరిగిన విశ్వాసి ఎవరు, చచ్చిన గొడ్డు తినడం మానావా, విగ్రహాలను వదిలావా. సందేహం ఉన్నవాళ్ళను వెనక్కి పంపారు. మిగిలినవాళ్ళ పేర్లు చిట్టాలకెక్కాయి.

1878 జూలై 3. తెల్లవారుజామునే గుండ్లకమ్మ ఒడ్డున మీరు నిలబడి ఉన్నారు. ఇద్దరు బోధకులు నడుముల్లోతు నీళ్ళలోకి దిగుతారు. ఒడ్డున గుమాస్తా చిట్టా తెరిచి పేరు పిలుస్తాడు. ఒక మనిషి దిగుతాడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో అన్న మాట, ఒక మునక, లేవడం, ఒడ్డుకు రావడం. మళ్ళీ పేరు. మళ్ళీ మునక. హడావుడి లేదు, కేకలు లేవు. దిగినవాళ్ళకు చెయ్యందించి లాగేవాళ్ళు ఒక వైపు, తడిసిన చీరలు పిండుకుంటున్న ఆడవాళ్ళు ఒక వైపు. పేలిక ఇచ్చిన పెద్దాయన వంతు వస్తుంది. ఆయన ఒక్కడే రాలేదు, పక్కన ఆ పిల్ల ఉంది. నీళ్ళలోంచి లేచినప్పుడు ఆయన మొహం మీరు దగ్గర నుంచి చూస్తారు. గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి, నోట్లో పళ్ళు సగం లేవు, నవ్వుతున్నాడు. పేదరికం ఎక్కడికీ పోలేదు. రేపు తినడానికి ఏమీ లేదు. అయినా నవ్వుతున్నాడు.

ఆ రోజు ఆరుగురు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులవారీగా నీళ్ళలో నిలబడ్డారు. మిట్టమధ్యాహ్నం కాసేపు ఆగి సాయంత్రం దాకా ఇచ్చారు. క్లౌ తన చేత్తో ఒక్కరికీ ఇవ్వలేదు. పొద్దు వాలేసరికి లెక్క తేలింది: 2,222 మంది. ఆ ఏడాది ముగిసేసరికి ఒంగోలు మిషనులో కొత్తగా చేరినవాళ్ళు 9,606 మంది.

ఆ చిట్టా చదివినవాళ్ళు అప్పటి నుంచి ఒక ప్రశ్న వేస్తూనే ఉన్నారు. వీళ్ళు అన్నం కోసం వచ్చారా, దేవుడి కోసం వచ్చారా? దాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం కుదరదు. కాలువ గట్టు మీద గంజి పోసిన చెయ్యే వాక్యం చెప్పింది, ఆ రెండింటికీ సంబంధం లేదంటే ఎవరూ నమ్మరు. కానీ లెక్క ఇంకోలా కూడా చూడాలి. గంజి ఉన్నప్పుడు తలుపు మూసి ఉంది. గంజి అయిపోయాక తలుపు తెరుచుకుంది. జనం వచ్చింది అప్పుడు. వాళ్ళ కృతజ్ఞత కడుపు నిండినందుకు చెల్లించిన బాకీ అయితే, సాయం ఆగిన రోజే అదీ ఆగిపోయి ఉండాలి. ఆగలేదు. వాళ్ళు తమకు దొరికిన గింజలకన్నా పెద్దదాన్ని చూశారు: పేరు పెట్టి పిలిచినవాణ్ణి, తమలో కూర్చుని తిన్నవాణ్ణి, తమ శవాన్ని పూడ్చడానికి వెనకాడనివాణ్ణి. ఆ మనుషులను పంపిన దేవుడు ఎలాంటివాడో వాళ్ళకు అక్కడే అర్థమైంది.

బైబిల్లో హబక్కూకు అనే ప్రవక్త ఉన్నాడు. చెట్టు పూయకపోయినా, పొలం పండకపోయినా, దొడ్లో పశువు లేకపోయినా దేవుణ్ణి బట్టి ఆనందిస్తానంటాడు. ఏసీ హాల్లో కూర్చుని ఆ అధ్యాయం చదివితే కవిత్వంలా ఉంటుంది. కరువు కాలంలో చదివితే అది ఊరి జాబితా: పూయని చెట్టు, పండని పొలం, ఖాళీ దొడ్డి, అన్నీ వాళ్ళ పల్లెలోవే. ప్రవక్త వాటిని దాచలేదు, ఒక్కొక్కటిగా లెక్కపెట్టి ఆ తర్వాతే ఆనందం అన్నాడు. క్రైస్తవ విశ్వాసం చెప్పే సంతోషానికి ఇదే షరతు. నష్టాన్ని నష్టమని ఒప్పుకున్నాకే స్తోత్రం నిజమవుతుంది.

ఇవాళ ప్రకాశం జిల్లాలో ఏ పల్లె చర్చిలోనైనా ఆదివారం వెనక వరుసలో కూర్చోండి. సాక్ష్యాల సమయం వస్తుంది. పొగాకు బారన్‌లో పనిచేసే ఒకావిడ కొంగు తలమీదికి లాక్కుని లేస్తుంది. "అందరికీ వందనాలు. మొన్న జ్వరమొచ్చి పడిపోయాను. పిల్లలు కూడా దగ్గర లేరు. పక్కింటమ్మ జావ కాచి ఇచ్చింది. దేవునికి స్తోత్రం" అని కూర్చుంటుంది. అంతే సాక్ష్యం. కోతకాల పండుగ రోజున అదే ఆవిడ తన పెరట్లో కాసిన గుమ్మడికాయ తెచ్చి పాదిరిగారి ముందు పెడుతుంది. దాన్ని వేలం వేస్తే ఒక కుర్రాడు పాడుకుంటాడు, ఆ డబ్బు సంఘానికి పోతుంది. చూసేవాళ్ళకు అది చిన్న తంతు. ఈ కృతజ్ఞతలో లెక్కలు పెద్దవిగా ఉండవు. ఒక కాయ, ఒక జావ గిన్నె, ఒక పక్కింటావిడ.

ఒక్క మాట మాత్రం తెగేసి చెప్పాలి. కష్టంలో సంతోషించమన్న మాట కష్టపడేవాడు తనకు తాను చెప్పుకుంటే అది విశ్వాసం. కష్టపెట్టినవాడు చెబితే అది మోసం. టెంపుల్ కూలీకి అరకడుపు కూలి ఇచ్చి కృతజ్ఞతగా ఉండమంటే ఆ మాటలో సువార్త లేదు. కూలి ఎగ్గొట్టే యజమాని, చికిత్స లేని ఆసుపత్రి, కులం పేరుతో నీళ్ళు ఇవ్వని ఊరు, వీటిని భరించడం దేవుని చిత్తమని ఏ పాదిరి బోధించినా ఆ బోధ వెల్లంపల్లి ఒడ్డున నిలవదు. అక్కడ నిలబడ్డవాళ్ళు ముందు తమ చేతులు చూపించారు, ఆ తర్వాతే స్తోత్రం చెప్పారు.

కాబట్టి మీ పక్కింట్లో ఈ వారం ఎవరైనా కష్టంలో ఉంటే, దేవుణ్ణి స్తుతించమని వాక్యం చదవడానికి తొందరపడకండి. ముందు జావ కాచి తీసుకెళ్ళండి, పేరుపెట్టి పిలవండి, కాసేపు దగ్గర కూర్చోండి. స్తోత్రం చెప్పడం వాళ్ళకు మనం నేర్పనక్కర్లేదు.